యార్డు ధరల పక్కన ఒక చిన్న పెట్టె

సంపాదకుల వారికి నమస్కారం.

నలభై ఏళ్ళకు పైగా మీ పేపరు చదువుతున్నాను. ఇంతకాలంలో మీకు ఉత్తరం రాసింది ఒక్కసారే, తేజ రకం మిర్చి ధరలో వెయ్యి రూపాయల తప్పు పడినప్పుడు. మర్నాడే సవరణ వేశారు, సంతోషం. ఇప్పుడు రాస్తున్నదీ అంకెల గొడవే. కాకపోతే ఈసారి అంకె తప్పు పడలేదు, అసలు పడనే లేదు.

మొన్నొక రోజు లోపలి పేజీలో పైన ఉక్రెయిన్ యుద్ధం మ్యాపు వేశారు, దాని కిందే గుంటూరు మిర్చి యార్డు ధరలు. మ్యాపు నిండా బాణాలు, ఎర్ర రంగు, పక్కన ఒక క్షిపణి బొమ్మ. అది ఎంత పొడవు, ఎంత బరువు, ఎంత దూరం పోతుంది, అన్నీ ఇచ్చారు. కింద యార్డుకు ఎన్ని టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వచ్చాయి, తేజ ఎంత, బాడిగ ఎంత, తాలుకాయ ఎంత. రంగు పోయిన తాలుకాయకు కూడా కనిష్ఠం, గరిష్ఠం రెండూ ఉన్నాయి. పై వార్తలో మాత్రం ఆ రోజు ఎందరు పోయారో, ఎంత ఖర్చయిందో, ఆ ఖర్చు ఎవరి ఖాతాలో పడిందో ఒక్క ముక్క లేదు. 2022లో మొదలైన యుద్ధం. ఇన్నేళ్ళ జమాఖర్చు ఒక్కసారైనా మీ పేజీలో చూసిన గుర్తు లేదు.

నేనెవరో చెప్పాలి గదా. మిర్చి వ్యాపారంలో ఒక కమీషన్ షాపులో 1971లో గుమస్తాగా చేరాను, 2012లో మానేశాను. రోజు లెక్క రాసే చిట్టా, పేరుపేరునా ఖాతాలుండే ఆవర్జా, రైతులకిచ్చే అమ్మకం పట్టీలు, బస్తాలు మోసే ముఠా వాళ్ళ కూలి లెక్క, అన్నీ నా చేతి మీదుగానే నడిచేవి. నాకు పని నేర్పిన పెద్ద యజమానికి ఒక పట్టింపు ఉండేది. పేరు లేని పద్దు రాయనిచ్చేవాడు కాదు. నేను చేరిన కొత్తలో ఒకసారి తెలివిగా 'ఇతరములు' అని రాశాను. "ఇతరములు ఎవర్రా? వాళ్ళ నాన్న పేరేంటి? ఏ ఊరు?" అన్నాడు. ఒక రాత్రి చిట్టాలో పదకొండు రూపాయలు తేడా వచ్చింది. ముగ్గురం పన్నెండు దాకా కూర్చుని వెతికాం. కాటా దగ్గర టీలకు పెట్టిన ఖర్చు ఒక రైతు పట్టీలో కోత పడింది. తప్పు నాదే. మర్నాడు ఆ పదకొండు రూపాయలు చేతిలో పెట్టి నన్ను నరసరావుపేట బస్సెక్కించాడు. ఆ రైతు డబ్బులు తీసుకుని, ఇంత దూరం ఇందుకొచ్చావా అని నవ్వి, మజ్జిగ ఇచ్చి పంపాడు.

నేను చేరిన 1971 డిసెంబరులోనే బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. పదమూడు రోజుల్లో అయిపోయింది. అప్పటికే కోటి మంది దాకా శరణార్థులు మన దేశంలోకి వచ్చి ఉన్నారు. వాళ్ళ ఖర్చు కోసం ప్రభుత్వం కవరుకు అదనంగా అయిదు పైసల స్టాంపు అంటించమంది. మొదట్లో దానికి కొత్త బొమ్మ కూడా వేయలేదు, కుటుంబ నియంత్రణ స్టాంపు మీదే 'రెఫ్యూజీ రిలీఫ్' అని నల్లగా అచ్చు గుద్దారు. మా షాపు నుంచి రోజుకు ఇరవై ముప్పై కవర్లు వెళ్ళేవి. జిగురు గిన్నెలో వేలు ముంచి ఆ స్టాంపులు అంటించింది నేనే. చిట్టాలో విడిగా రాసేవాణ్ణి: శరణార్థి స్టాంపులకు, రూపాయిన్నర. మా యజమాని గొణుక్కునేవాడు, కానీ ఎందుకు ఇస్తున్నాడో, ఎంత ఇస్తున్నాడో ఆయనకు తెలుసు. ఒక యుద్ధం ఖర్చు నా కంటికి అలా విడి పద్దుగా కనపడటం అదే మొదలు, అదే ఆఖరు.

ఇక ఉక్రెయిన్ సంగతి. అది నాకు టీవీలో తెలిసిన యుద్ధం కాదు. మా పై వాటాలో ఒక రిటైర్డ్ మాస్టారు ఉంటారు. యుద్ధం వచ్చేనాటికి వాళ్ళ మనవడు ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో మెడిసిన్ మూడో ఏడు చదువుతున్నాడు. రష్యా సరిహద్దుకు నలభై కిలోమీటర్ల లోపు ఉన్న ఊరు అది. 2022 ఫిబ్రవరి 24న బాంబులు మొదలయ్యాక హాస్టలు కింద సెల్లార్‌లో ఉన్నారు పిల్లలు. మార్చి 1న అదే ఊళ్ళో సరుకుల కోసం బయటికెళ్ళిన కర్ణాటక కుర్రాడు ఒకడు దాడిలో చనిపోయాడు. వాడూ మెడిసిన్ విద్యార్థే. మర్నాడు మన ఎంబసీ నుంచి కబురు. ఖార్కివ్ వెంటనే వదిలేయండి, బండి దొరక్కపోతే నడిచైనా సరే, సాయంత్రం ఆరు లోపల పెసోచిన్, బాబాయే, బెజ్‌ల్యుదోవ్కా అనే ఊళ్ళకు చేరండి అని.

మాస్టారు ఫోను పట్టుకుని కిందికి వచ్చి, "పెసోచిన్ అంటే ఎక్కడండీ?" అని అడిగారు. ఆయన ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పిన మనిషి. నా మనవరాలి స్కూలు అట్లాసు ముందేసుకుని ఇద్దరం కూర్చున్నాం. అందులో ఖార్కివ్ చుక్క ఉంది గానీ పెసోచిన్ ఎక్కడుంటుంది. అక్కడ సాయంత్రం ఆరంటే మనకు రాత్రి తొమ్మిదిన్నర. తొమ్మిదిన్నర దాకా ఆ ఇంట్లో ఎవరూ ఫ్యాను కూడా వేసుకోలేదు, ఫోను మోగితే వినపడదేమోనని. పదీ పదికి మెసేజ్ వచ్చింది, చేరాం అని. పదకొండు కిలోమీటర్లు మంచులో నడిచారట.

వాడు పోలండ్ మీదుగా ఢిల్లీ వచ్చి, గన్నవరంలో దిగి ఇంటికి చేరిన రాత్రి నేను అక్కడే ఉన్నాను. ఎడమకాలి మేజోడు చర్మానికి అంటుకుపోయింది. వాళ్ళ నాయనమ్మ ఇత్తడి బేసిన్లో గోరువెచ్చటి నీళ్ళు పోసి, గుప్పెడు ఉప్పు వేసి, ఆ కాలు నానబెట్టి, మడమ వైపు నుంచి మేజోడును కొంచెం కొంచెంగా ఊడదీసింది. అరగంట పట్టింది. నీళ్ళు లేత ఎరుపు తిరిగాయి. వాడు ఒక్కసారి కూడా అబ్బా అనలేదు. మధ్యలో తలెత్తి, "నాయనమ్మా, ఇంట్లో బియ్యం ఎన్నాళ్ళకి ఉన్నాయి?" అన్నాడు. ఇరవై ఏళ్ళ కుర్రాడు అడిగే మాటా అది!

ఆపరేషన్ గంగ కింద 90 విమానాలు నడిపారు, ఇరవై రెండున్నర వేల మంది దాకా పిల్లలూ పెద్దలూ ఇల్లు చేరారు. ఆ పని బాగా చేశారు, ఒప్పుకోవాలి. కానీ లెక్క అక్కడితో ఆగలేదు. ఎకరం పావు పొలం అమ్మి, పైన బ్యాంకు లోను తీసుకుని పంపిన చదువు సగంలో తెగింది. ఏడాది పైగా ఆన్‌లైన్ అన్నారు, చెల్లదన్నారు, కోర్టులన్నారు. చివరికి వాడు ఉజ్బెకిస్తాన్‌లో చేరాడు. మళ్ళీ ఫీజు, మళ్ళీ హాస్టలు, చేజారిన ఏడాది పోయినట్టే. మాస్టారి పెన్షన్‌లో సగం నెలనెలా ఆ కిస్తీకే పోతోంది. ఆ కిస్తీని ఎవరి యుద్ధ ఖర్చులో రాయాలండీ? మాస్కో పద్దులోనా, కీవ్ పద్దులోనా? మా ఆవర్జాలో అయితే ఆయన పేరున విడిగా ఒక పేజీ ఉండేది.

నూనె గురించి మీరు అప్పట్లో బాగానే రాశారు కాబట్టి నేను సాగదీయను. మనం దిగుమతి చేసుకునే పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ భాగం అప్పటిదాకా ఉక్రెయిన్‌దే. ఆ వేసవికి మా ఇంట్లో ప్యాకెట్ రెండు వందల దగ్గరికి వెళ్ళింది, మా ఆవిడ పూరీ అన్న మాట ఎత్తనివ్వలేదు. యార్డుకు వచ్చే మా పాత రైతులు పొటాష్ బస్తా 1,700 అని తల పట్టుకున్నారు. డీఏపీ పెరగకుండా ప్రభుత్వం సబ్సిడీ పోసింది. ఆ ఒక్క ఏడాది ఎరువుల సబ్సిడీ దేశం మొత్తం మీద రెండున్నర లక్షల కోట్ల రూపాయల దాకా వెళ్ళింది. అదీ మన జేబులోదే, ఇంకో దారిన పోయింది అంతే.

ప్రాణాల లెక్క వేరు. రష్యాలో సెక్యూరిటీ హెల్పర్ ఉద్యోగం, నెలకు ఇంత జీతం అని ఏజెంట్లు మన పిల్లల్ని తీసుకెళ్ళి ఫ్రంటుకు పంపించారు. 2024లో సీబీఐ కేసు పెట్టింది. హైదరాబాద్ కుర్రాడు ఒకడు అక్కడే పోయాడు. 2025 జనవరిలో మన విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ఇది: రష్యా సైన్యంలో చేరిన భారతీయులు 126 మంది, తిరిగొచ్చినవారు 96, చనిపోయినవారు 12, జాడ తెలియనివారు 16. కూడిక వేసి చూడండి, ఇద్దరు మిగులుతారు. వాళ్ళు అప్పటికింకా సైన్యంలోనే ఉన్నారు. జాడ తెలియనివారు అన్నారే, ఆ మాట దగ్గర ఆగిపోయాను. పదహారు ఇళ్ళలో ఇంకా పదకొండో రోజు చేయలేదు, ఫోటోకు దండ వేయలేదు. పద్దు మూసే వీల్లేదు.

పెద్ద దేశాల పద్దులు ఇంకా అధ్వాన్నం. ఉక్రెయిన్‌కు అమెరికా ఎంత ఇచ్చింది? 2025 ఫిబ్రవరిలో ట్రంప్ 350 బిలియన్ డాలర్లు అన్నారు. అమెరికా కాంగ్రెస్ ఆమోదించింది చూస్తే 175 బిలియన్ల దగ్గర. జెలెన్‌స్కీ మాకు అందింది అంతకన్నా చాలా తక్కువ అన్నారు. సగానికి సగం తేడా! పదకొండు రూపాయలకు పన్నెండు దాకా కూర్చోబెట్టిన మా యజమాని ఉంటే అమెరికా ఖజానాలో ఆ రాత్రి ఒక్కడూ ఇంటికి వెళ్ళేవాడు కాదు. రష్యా వైపు 2025 బడ్జెట్‌లో రక్షణకు పదమూడున్నర లక్షల కోట్ల రూబుళ్ళు, అంటే ప్రభుత్వం పెట్టే ప్రతి మూడు రూబుళ్ళలో దాదాపు ఒకటి. మాస్కోలో సైన్యంలో చేరుతానని సంతకం పెడితే 2024 జూలై నుంచి నగరపాలక సంస్థ ఒక్కటే 19 లక్షల రూబుళ్ళు చేతిలో పెట్టింది. సరుకు దొరక్కపోతేనే రేటు పెరుగుతుందని మిర్చి వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. మనుషులు అయిపోతున్నారన్నమాట.

ఎంతమంది అయిపోయారు? రెండు ప్రభుత్వాలూ పూర్తి లెక్క చెప్పవు. చెప్పినా అవతలివాడి చావులు ఎక్కువ, తమవి తక్కువ. అయితే మీడియాజోనా అనే రష్యన్ వార్తాసంస్థ, బీబీసీ రష్యన్ విభాగం కలిసి ఒక పని చేస్తున్నాయి. ఊళ్ళలో వచ్చే సంతాప ప్రకటనలు, బంధువులు పెట్టే పోస్టులు, స్మశానాల్లో కొత్త సమాధుల మీది పేర్లు, ఒక్కొక్కటీ సరిచూసి చనిపోయిన రష్యన్ సైనికుల పేర్ల జాబితా రాస్తున్నాయి. 2025లో ఆ జాబితా లక్ష పేర్లు దాటింది. ఇవి దొరికిన పేర్లు మాత్రమే, అసలు సంఖ్య ఎక్కువే ఉంటుందని వాళ్ళే అంటారు. దొరకనివాళ్ళను అంచనా కట్టడానికి మీడియాజోనా వాళ్ళు మెడూజా అనే ఇంకో రష్యన్ వార్తాసంస్థతో కలిసి వారసత్వ ఆస్తి దరఖాస్తుల రిజిస్టరు తిరగేశారు. ఏ ఏడు ఏ వయసు మగవాళ్ళ ఆస్తి కోసం మామూలు కంటే ఎన్ని ఎక్కువ దరఖాస్తులు వచ్చాయో చూశారు. చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డానండీ. ఇది జనరల్స్ చేసే పని కాదు, గుమస్తాలు చేసే పని.

పేర్ల గురించి నాకు ఇంత పట్టింపు ఎందుకంటే మా ఇంట్లో ఒక బిళ్ళ ఉంది.

బాపట్ల దగ్గర మా ఊళ్ళో మా నాయనమ్మకు ఒక అన్న ఉండేవాడట. మొదటి ప్రపంచ యుద్ధంలో సఫర్‌మైనా పటాలంలో, అంటే వంతెనలు, కందకాల పని చేసే దళంలో చేరి, ఇప్పటి ఇరాక్‌లో ఉన్న బస్రా వెళ్ళాడు. తిరిగి రాలేదు. కొన్నేళ్ళకు పోస్టులో ఒక అట్టపెట్టె వచ్చింది. అందులో దాదాపు అరజానెడు వెడల్పున గుండ్రటి కంచు బిళ్ళ. నాకు ఊహ తెలిసేసరికి అది బియ్యం కుండ మీద మూత. అచ్చంగా సరిపోయేది. మా నాయనమ్మ దాన్ని 'మా అన్న' అనేది. "అన్నను పక్కకు పెట్టి రెండు సోలలు తియ్యి" అనేది మా అమ్మతో. మాకు నవ్వొచ్చేది. ఆమె పోయాక ఆ బిళ్ళ నా దగ్గరికి వచ్చింది. చిలుము పట్టి పచ్చగా ఉంటే ఒక ఆదివారం చింతపండు పులుసు పెట్టి కొబ్బరి పీచుతో తోమాను. ముందు ఒక సింహం తేలింది. తర్వాత చేతిలో దండ పట్టుకున్న ఒక స్త్రీ, ఆమె బ్రిటానియా అట, బ్రిటన్ దేశానికి స్త్రీ రూపం. అంచు చుట్టూ ఇంగ్లీషు అక్షరాలు: 'హీ డైడ్ ఫర్ ఫ్రీడమ్ అండ్ ఆనర్'. స్వేచ్ఛ కోసం, గౌరవం కోసం చనిపోయాడని. ఎవరి స్వేచ్ఛో రాయలేదు. దండ కింద చిన్న గడిలో ఆయన పేరు, ఇంగ్లీషులో, ఒక అక్షరం తప్పుతో. హోదా లేదు, నంబరు లేదు. చావులో అందరూ సమానమని ఆ బిళ్ళల మీద హోదా వేయలేదట. అంతవరకు మర్యాదే.

అయితే బస్రాలో బ్రిటిష్ వాళ్ళు కట్టిన స్మారకం ఉంది. ఆ దండయాత్రలో పోయి, సమాధి తెలియని నలభై వేలకు పైగా మంది కోసం కట్టింది. అందులో బ్రిటిష్ సిపాయిల పేర్లు చెక్కారు. మనవాళ్ళలో ఆఫీసర్ల పేర్లు చెక్కారు. మామూలు సిపాయిలకు మాత్రం రెజిమెంటు పేరు రాసి, దాని కింద ఇంతమంది అని అంకె వేశారు. ఇతరములు! ఈ తేడా చేసింది నిజమేనని ఆ సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ 2021లో నివేదిక వేసి ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. వందేళ్ళు పట్టింది. మా నాయనమ్మ అన్న ఆ గోడ మీద ఒక అంకెలో ఒకటి. ఇక్కడ బియ్యం కుండ మీద మాత్రం ఆయనకు పేరుంది.

ఆ యుద్ధానికి మన దగ్గర్నుంచి వెళ్ళింది మనుషులే కాదు. 1917లో భారత ప్రభుత్వం పది కోట్ల పౌన్లు బ్రిటన్‌కు 'కానుక' ఇచ్చింది. అప్పటి మారకంలో 150 కోట్ల రూపాయలు. ఇచ్చింది ఢిల్లీలో ఉన్న తెల్లదొర, పుచ్చుకుంది లండన్‌లో ఉన్న తెల్లదొర, పన్ను కట్టింది బాపట్ల తాలూకా రైతు. కానుక అనే పద్దు నేనెప్పుడూ ఇలా రాయలేదు.

అదే బస్రాకు 2003లో బ్రిటన్ సైన్యం మళ్ళీ వెళ్ళింది, ఈసారి అమెరికా వెంట. ఆ యుద్ధం మొదలుకాక ముందు వైట్‌హౌస్ ఆర్థిక సలహాదారు లారెన్స్ లిండ్సే దీనికి 100 నుంచి 200 బిలియన్ డాలర్లు కావచ్చని ఒక అంచనా చెప్పాడు. అబ్బే అంత కాదు, 50, 60 చాలన్నారు పైవాళ్ళు. మూడు నెలలు తిరక్కుండా ఆయన ఉద్యోగం పోయింది. చివరికి తేలిన ఖర్చు ముందు ఆయన చెప్పిందే చిల్లర. ఇరాక్, అఫ్గానిస్తాన్, వాటి తోక యుద్ధాలు అన్నీ కలిపి 8 లక్షల కోట్ల డాలర్లని బ్రౌన్ యూనివర్సిటీ వాళ్ళు 2021లో లెక్క కట్టారు. నేరుగా యుద్ధంలో పోయినవాళ్ళు తొమ్మిది లక్షల దాకా. లెక్క సరిగ్గా చెప్పిన గుమస్తాను పంపించేసి, తప్పు చెప్పినవాళ్ళను ఉంచుకున్న షాపులు యార్డులో కూడా రెండు మూడు చూశాను. బోర్డు మారిపోతుంది ఎప్పుడో. దేశాలకు ఆ ఇబ్బంది లేదు, అప్పు తెచ్చుకుంటాయి. 2001లో ఒకసారి పన్నులు తగ్గించిన అమెరికా, యుద్ధానికి పోతూ కూడా 2003లో మళ్ళీ తగ్గించింది. మరి డబ్బు? అప్పే. ఎనిమిది లక్షల కోట్లలో వడ్డీ, ఇక ముందు గాయపడిన సైనికులకు పెట్టబోయే వైద్యం కూడా ఉన్నాయి.

ఆ వైద్యం, పింఛన్లు ఎంతకాలం నడుస్తాయో తెలుసాండీ? అమెరికా అంతర్యుద్ధం 1865లో అయిపోయింది. దాని చివరి పింఛను ఆగింది 2020 మే నెలలో. ఆ యుద్ధంలో పోరాడిన ఒకాయనకు ఎనభై మూడో ఏట పుట్టిన కూతురు నార్త్ కరోలినాలో తొంభై ఏళ్ళు బతికింది. నెలకు 73 డాలర్ల 13 సెంట్లు. నూట యాభై అయిదేళ్ళ తర్వాత కూడా ఆ ఆవర్జాలో ఒక పేజీ తెరిచే ఉంది. ఉక్రెయిన్ పేజీలు ఎప్పుడు మూస్తారో మీ మనవలు చూడాలి.

ఇవన్నీ సాయంత్రం టీ దగ్గర అంటే నా స్నేహితులు కొట్టిపారేస్తారు. "వాళ్ళ యుద్ధం వాళ్ళది, మనకు చవగ్గా చమురు దొరికింది గదా గుమస్తా గారూ" అన్నాడొకాయన. నిజమే. యుద్ధానికి ముందు మనం కొనే ముడి చమురులో రష్యాది నూటికి రెండు కూడా లేదు, తర్వాత మూడో వంతు దాటింది, తగ్గింపు ధరకే. మంచిదే. కానీ ఆ మూడేళ్ళూ మన బంకులో పెట్రోలు 109, 110 దగ్గర్నుంచి కిందికి దిగిందా? లాభం ఏ పద్దులో జమ పడిందో నాకు కనపడలేదు. నష్టం మాత్రం కనపడింది. ఆ చమురు కొన్నందుకే 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది. కైకలూరు వైపు మా వియ్యంకుడికి రొయ్యల చెరువు ఉంది. సుంకం వార్త వచ్చిన వారంలోనే కొనేవాళ్ళు వంద కౌంటు, అంటే కిలోకు వంద తూగే రొయ్యల ధర కోశారు. ఆయన ఉక్రెయిన్ పేరు కూడా సరిగ్గా పలకలేడు, 'యూక్రైన్' అంటాడు.

ఇంకొకాయన కొంచెం పదునైన మాట అన్నాడు. "ఇంటి మీదికి వచ్చినవాణ్ణి కొట్టడానికి కూడా లెక్క చూసుకోవాలా?" ఇది తీసేయగల మాట కాదు. రష్యా దండెత్తింది, ఉక్రెయిన్ అడ్డుకుంటోంది. దొంగనూ ఇంటాయననూ ఒకే గాటన కట్టను. 2024లో ఉక్రెయిన్ దేశ సంపాదనలో నూటికి 34 వంతులు సైన్యానికే పోయింది. అది వాళ్ళు కోరుకున్న ఖర్చు కాదు. నా ప్రశ్న మొదలుపెట్టినవాళ్ళకు, ఆపగలిగీ ఆపనివాళ్ళకు, ఆయుధాలు అమ్ముకునేవాళ్ళకు. 2024లో ప్రపంచం మొత్తం సైన్యాల మీద 2.7 లక్షల కోట్ల డాలర్లు పెట్టింది. ఉక్రెయిన్‌లో కూలినవి తిరిగి కట్టడానికి పదేళ్ళకు 524 బిలియన్లు కావాలని ప్రపంచ బ్యాంకు 2025 ఫిబ్రవరిలో చెప్పింది. కూల్చడానికి అయిన ఖర్చు మాత్రం ఎవరూ ఒక చోట రాయలేదు.

కాబట్టి నా విన్నపం చిన్నది. యార్డు ధరల పక్కన అగ్గిపెట్టె అంత చోటు ఇవ్వండి. పైన యుద్ధం పేరు, ఎన్నో రోజు. కింద నిర్ధారణ అయిన మృతులు. ఉక్రెయిన్ పౌరుల లెక్క ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం నెలనెలా ఇస్తుంది, సైనికుల పేర్ల జాబితా సంగతి పైన చెప్పాను. తర్వాత ఇప్పటిదాకా ఖర్చు. చివర మన పద్దు: మనవాళ్ళు ఎందరు పోయారు, ఎందరి జాడ లేదు. తెలియనిచోట 'తెలియదు' అని వేయండి, ఫర్వాలేదు, మా చిట్టాలో కూడా 'విచారించవలెను' అని ఎర్ర సిరాతో రాసి వదిలేవాళ్ళం. ఉక్రెయిన్ ఒక్కటే అక్కర్లేదు. గాజా ఉంది. సూడాన్ ఉంది, 2023 ఏప్రిల్ నుంచి అక్కడ కోటి మందికి పైగా ఇళ్ళు వదిలి పారిపోయారు, వాళ్ళకు మీరు మ్యాపు కూడా వేయలేదు. చోటు చాలదంటే క్షిపణి బొమ్మ తీసేయండి. దాని పొడవు తెలుసుకుని మేమేం చేసుకుంటాం, గుంటూరులో?

రాసే మనిషి లేడంటే నేను రాస్తాను. జీతం అక్కర్లేదు, దస్తూరీ ఇంకా బాగానే ఉంది. మాస్టారి మనవడు సెలవులకు వచ్చినప్పుడు ఇంటర్నెట్‌లో ఆ లెక్కలు ఎక్కడ చూడాలో నేర్పించి వెళ్ళాడు. శుక్రవారం సాయంత్రానికి మీ గుంటూరు ఆఫీసులో ఇచ్చేస్తాను. శని, ఆదివారాలు యార్డుకు సెలవు గదా, ఆ మర్నాళ్ళు మీ ధరల పెట్టె ఎలాగూ ఖాళీగానే ఉంటుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ గుమస్తా,
బ్రాడీపేట, గుంటూరు